ఆదెమ్మ గంట సెలవు

చినమల్లవరంలో ఇంగ్లీషు మాట ఏది చెల్లాలన్నా అందులోని అక్షరాలు మనుషులుగా వచ్చి మాటల ఆఫీసు ఆవరణలో వరసగా నిలబడాలి. ఆ వరసల్లో ఆదెమ్మ పంతొమ్మిదేళ్లుగా E గా నిలబడుతోంది. ఖాయమైన పనే, కాకపోతే కూర్చోవడం అనేది అందులో లేదు.

మాటల ఆఫీసుకి పెద్ద మస్తాన్‌వలి గారు. ఆయన దగ్గర ఎర్ర అట్టల పుస్తకం ఒకటుంది. ఏ అక్షరాలతో ఏయే మాటలు కూడతాయో అందులో జట్లు జట్లుగా రాసి ఉంటాయి. పొద్దున్నే హాజరు చూసుకుని, వచ్చిన అక్షరాలకి సరిపోయే పేజీ తెరుస్తాడు. ఊరు ఆ రోజుకి ఆ మాటలతో సరిపెట్టుకుంటుంది. U రాని రోజున ఆసుపత్రిలో నర్సు ఉండదు. R ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడు గనక పొద్దున పది దాకా ఊళ్లో ‘ఫ్రీ’ కుదరదు, ‘ఫీ’ మాత్రమే నడుస్తుంది. దీనిమీద ఎవరూ పెద్దగా గొడవ చెయ్యలేదు.

E పోస్టులు పన్నెండు. అందులో పది ఖాళీ. మిగిలిన ఇద్దరూ ఆదెమ్మ, మోకాళ్ల నొప్పుల పేరయ్య. ఇంగ్లీషులో E లేని మాటలు ఎన్నని! అందుకే వాళ్లిద్దరికీ ఊపిరి సలపదు. మధ్యాహ్నం ‘ఈట్’ అని నిలబడ్డ ముగ్గురే నాలుగింటికి స్థానాలు మార్చుకుని ‘టీ’ అవుతారు. ఊరంతా టీ తాగుతుంది. ఆ ముగ్గురూ తాగరు, తాగితే మాట విడిపోతుంది.

ఇంత చేసినా E కి వచ్చేది మాటకి ఒక్క మార్కు. Z కి పది. Z గా ఉండే రంగనాయకులు గారు వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉంటారు. ఏడాదికి రెండుసార్లు ‘ప్రైజ్’ కోసం లేచి, ఆదెమ్మ పక్కన నిలబడి, దండ వేయించుకుని మళ్లీ కూర్చుంటారు. మంచి మనిషే పాపం, లేచిన ప్రతిసారీ “ఏం ఆదెమ్మా, బాగున్నావా?” అని అడుగుతారు.

ఆదెమ్మకి ఒక్కటే కోరిక. కూతురు హిమబిందు E కాకూడదు. పిల్ల అక్షరాల పరీక్ష రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఆ ర్యాంకుకి X వస్తుందన్నారు. ఎనిమిది మార్కుల అక్షరం, నీడలో కుర్చీ. ఆదెమ్మ ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పింది, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పింది. గురువారం పన్నెండు లోపల తల్లో తండ్రో హైస్కూలుకి వెళ్లి సంతకం చెయ్యాలి. తండ్రి లేడు. సంతకం పడకపోతే తల్లి అక్షరమే పిల్లకి వస్తుంది.

“గంట సెలవియ్యండి అయ్యా,” అంది ఆదెమ్మ. పంతొమ్మిదేళ్లలో ఆమె సెలవడగడం అదే మొదలు.

మస్తాన్‌వలి పుస్తకం తిరగేశాడు. “సెలవని తెలుగులో చెప్తే చెల్లదు కదమ్మా. బయట ‘లీవ్’ నిలబడాల. దానికి ఇద్దరు E లు కావాల. పేరయ్యా, నువ్వూ.”

“నిలబడతా.”

“నువ్వు నిలబడ్డంతసేపే సెలవు. నువ్వు కదిలితే సెలవు విడిపోద్ది.”

ఆదెమ్మకి ఏడుపొచ్చింది. ఆయనకీ మనసు చివుక్కుమంది. మరో రెండు పేజీలు తిప్పి, ఇంట్లోవాళ్లు ఎవరైనా బదులు నిలబడవచ్చని పాత నియమం ఒకటి పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరూ వాడని నియమం. దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి, వాటిని చెదలు తినేశాయి.

“నేను నిలబడతాలేమ్మా,” అంది హిమబిందు. “గంటేగా. నువ్వు పోయి సంతకం పెట్టిరా.”

గురువారం పదకొండింటికి ‘లీవ్’ నిలబడింది. పేరయ్య ఒక E, హిమబిందు ఇంకో E. ఆదెమ్మ ఆటో ఎక్కి హైస్కూలుకి పోయింది. లోపల బల్ల ముందు నలభై మంది వరసలో ఉన్నారు. వరస కదలడం లేదు.

“ఏందయ్యా, పిలవరా?” అంది ఆదెమ్మ.

“‘నెక్స్ట్’ అనాల గదమ్మా,” అన్నాడు గుమస్తా. “E లేదు. ఉన్న ఇద్దరూ ఎవరిదో సెలవులో నిలబడి ఉన్నారంట.”

“తర్వాతి వాళ్లు రండి అని తెలుగులో పిలవచ్చుగా?”

“పిలవచ్చు. లెక్కలోకి రాదు.”

“నేను E నేనయ్యా! ఇప్పుడే పోయి నిలబడతా!”

గుమస్తా కాగితం చూశాడు. “నువ్వు సెలవులో ఉండావు. సెలవులో ఉన్నోళ్లు నిలబడకూడదు.”

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆదెమ్మ వరసలోనే ఉండిపోయింది. అలవాటైన పనే, కాళ్లు నొప్పి పుట్టలేదు. మనసే కుదురుగా లేదు. గంట గడిచింది. సెలవు ముగిసింది. E లు ఖాళీ అయ్యాక ఎక్కడో ‘నెక్స్ట్’ నిలబడింది. పన్నెండు లోపల వరసలోకి వచ్చినవాళ్లందరినీ చూస్తామన్నారు. అందుకు ఆదెమ్మ గుమస్తాకి దణ్ణం పెట్టింది. వరస చకచకా కదిలింది.

గుమస్తా హిమబిందు నంబరు కొట్టి చూశాడు. “ఈ పిల్ల చేరిపోయిందమ్మా.”

“ఎందులో?”

“E లో. ఖాళీలున్న అక్షరంగా గంటసేపు నిలబడితే అక్షరం ఖాయమైపోద్ది. ఖాళీలు నింపడానికి పెట్టిన రూలు. ఇయ్యాల పన్నెండింటికి ఎక్కింది.” ఆయన నవ్వాడు. “పరీక్ష రాసి కూడా దొరకని పని. అదృష్టవంతురాలు.”

ఆదెమ్మ తిరిగొచ్చేసరికి ఆవరణలో సందడిగా ఉంది. మస్తాన్‌వలి దుమ్ము దులిపి ఎవరూ తెరవని పేజీ ఒకటి తెరిచాడు, మూడు E ల మాటల పేజీ. ఆయన ముఖం వెలిగిపోతోంది. చెదల సంగతి ఆదెమ్మ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

“ఊళ్లో ఇన్నాళ్లూ ‘ఎంప్లాయీ’ అనే మాట లేదమ్మా,” అన్నాడు. “మనమెవరిమీ ఆఫీసు లెక్కల్లో ఎంప్లాయీలం కాదు. ఇయ్యాల్టి నుంచీ అవతాం. రా, రా.”

పేరయ్య మొదట నిలబడ్డాడు. మధ్యలో ఐదుగురు సర్దుకున్నారు. చివర రెండు E లు. ఆదెమ్మ, ఆమె పక్కనే హిమబిందు. వేపచెట్టు కింద రంగనాయకులు గారు కూర్చునే చప్పట్లు కొట్టారు.

“X కుర్చీ ఎట్టా ఉందమ్మా, చూశావా?” అని అడిగింది హిమబిందు.

“చూడలా,” అంది ఆదెమ్మ. నిజానికి హైస్కూల్లో చూసింది. దానికి మెత్త కూడా ఉంది.

కాసేపయ్యాక పిల్ల కాళ్లు వణకడం ఆమె గమనించింది.

“మోకాళ్లు అట్టా బిగబట్టబాకే. బరువు ఒక కాలి మీదెయ్యి, అలిసినాక రెండోదాని మీదెయ్యి. ఎవురికీ తెలవదు.”

హిమబిందు అలాగే చేసింది. రెండోసారికే కుదిరింది. చూసేవాళ్లకి కదిలినట్టే లేదు. “చూశారా, పుట్టుకతో వచ్చిన విద్య,” అన్నాడు మస్తాన్‌వలి. ఆ మాట ఆదెమ్మకి అస్సలు నచ్చలేదు. మరుక్షణమే, దేవుడు క్షమించాలి, కాస్త గర్వంగా కూడా అనిపించింది.