మచ్చలేని పొట్ట

మా కరాబీ రేవుకు ఈ ఏడాది గొప్ప గౌరవం దక్కింది. పీతల వేట మానుకుని ఇంటిపట్టున ఉంటున్న ఆల్బీ ట్రెవెన్నా కడుపులో బృహద్ధమని అనే పెద్ద రక్తనాళం బెలూనులా ఉబ్బి, పగలడానికి సిద్ధమైంది. అడిలైడ్‌లో డాక్టర్ ఫెనెల్లా విట్రో ఆయన గజ్జల్లోంచి ఒక గొట్టం పంపి ఆ ఉబ్బు లోపల అమర్చారు. పొట్ట కోయనే లేదు.

ఈ విజయంలో పట్టణం పాత్ర ఏమీ లేదు. కనుక పట్టణమే దాన్ని ఘనంగా జరపాలని మేయర్ పాస్కో నిర్ణయించారు.

"ఇది ఆల్బీ పొట్ట కాదు, మనందరి పొట్ట!" అన్నారాయన సభలో. చప్పట్ల మధ్య ఆల్బీ చొక్కా ఎత్తాడు. ఎక్కడా గాటు లేదు. జనం ఆనందబాష్పాలు రాల్చారు. నమ్మకం చాలనివారు తడిమి చూశారు.

డాక్టరు మాత్రం ఒక చిన్న షరతు పెట్టారు. గొట్టం కుదురుగా ఉందో లేదో చూడటానికి క్రమం తప్పకుండా స్కాన్‌కు రావాలి. మొదటి స్కాన్ నాడు చర్చివారి మాంసం కూరిన పాస్టీల విందు వచ్చిపడింది. తర్వాతిదాని నాడు ఫుట్‌బాల్ జట్టు ఆ పొట్టతో ఫొటో దిగింది. నయమైనందుకు సన్మానాలు ఎక్కువై, నయమైందో లేదో చూసుకునే తీరిక ఆల్బీకి లేకుండా పోయింది.

"ఏమయ్యా, స్కాన్‌కి ఎప్పుడు పోదాం?" అని నిలదీసింది భార్య మెర్ల్.

"ఇంత చేశాక మళ్ళీ చూపించుకుంటే మేయరు నొచ్చుకోడూ?"

"నొచ్చుకోనీ. నిన్ను పాతిపెట్టేనాడు కూడా ఆయన ఉపన్యాసం దంచుతాడు. వినడానికి నువ్వుండవు, అంతే!"

'ఆరోగ్య పట్టణం' అన్న బోర్డును ఆవిష్కరించిన రోజున, వేదిక మీదే ఆల్బీ నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట.

"కాస్త ఓర్చుకోవయ్యా, రెండు ముక్కల్లో ముగిస్తా" అన్నారు మేయరు.

మెర్ల్ వేదికెక్కి మైకు లాక్కుంది. "నీ ముక్కలు మండ! అంబులెన్స్‌ని పిలవండ్రా!"

ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

అడిలైడ్ ఆసుపత్రిలో స్కాన్ తీస్తే సంగతి తెలిసింది: గొట్టం పై కొస కిందికి జారింది. దాని పక్కనుంచి రక్తం పాత ఉబ్బులోకి కారుతోంది. ఉబ్బు మునుపటికన్నా పెద్దదైంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?" అన్నారు డాక్టరు.

"సన్మానాలు, డాక్టరమ్మా."

ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆల్బీ భార్య వైపు తిరిగాడు. "మెర్ల్, భయమేస్తోందే."

"నాకూ వేస్తోంది. నోర్మూసుకుని చెయ్యి పట్టుకో."

గొట్టానికి పైన ఇంకో ముక్క అతికించి ఆయన్ని బతికించారు. "గొట్టంలో లోపమేమీ లేదు, రక్తమే క్రమశిక్షణ తప్పింది" అని మేయరు పత్రికలవారికి స్పష్టం చేశారు.

కోలుకున్న ఆల్బీ పట్టుబట్టి, ముసలివాళ్ళ పొట్టలు ఉచితంగా పరీక్షించే బండిని రేవుకు రప్పించాడు. ఊరు ఊరంతా వచ్చింది. "నాలా కూలబడేదాకా ఆగకండిరా. ఈ ఉబ్బు లోపల ఉన్నట్టే తెలీదు" అన్నాడు ఆల్బీ. అంత సేపు చప్పట్లు మా రేవులో ఎన్నడూ మోగలేదు. పిమ్మట అందరూ సాసేజీలు కాల్చేచోట వరుస కట్టారు. బండి దగ్గర ఒక్కరూ లేరు.

నర్సు తల బయటపెట్టి, "ముందు మీరు రండి, మేయరు గారూ" అంది.

"నేనెందుకమ్మా? నాకే నొప్పీ లేదుగా" అన్నారాయన, మూతికంటిన సాస్ తుడుచుకుంటూ.

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. మీకూ ఏ నొప్పీ లేదు కదా?