మంత్రిగారి న్యూట్రల్ గోడ

వంతెనల శాఖ మంత్రిగారు తమ ఇంటి హాలుకు రంగు వేయించబోతున్నట్టు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. ఆ రంగు ఏ పార్టీదీ కాదని, ఏ పార్టీకీ వ్యతిరేకం కూడా కాదని, ప్రజలు ఆందోళన చెందవలసిన పని లేదని చెప్పారు. ప్రజలు ఆందోళన చెందలేదు. ఒక విలేకరి మాత్రం లేచి ఆ రంగు పేరేమిటని అడిగాడు. మంత్రిగారు పీయే వైపు చూశారు. పీయే జేబులోంచి చిన్న అట్టముక్క తీసి, వెనక్కి తిప్పి, "వార్మ్ న్యూట్రల్ టోప్" అని చదివాడు. అందరూ రాసుకున్నారు. ఎలా ఉంటుందని ఇంకొకడు అడిగాడు. బూడిద రంగు అనుకుంటే మట్టిరంగులా, మట్టిరంగు అనుకుంటే బూడిదలా ఉంటుందని మంత్రిగారు వివరించారు. ఆయన అంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదటిసారి.

నేను మంత్రిగారికి బాబాయిని. వాళ్ళింట్లోనే ఉంటాను. హాల్లో ఒక మూల నా కుర్చీ ఉంది. నేను మాట్లాడేది తక్కువ కాబట్టి నా ఎదుట అందరూ అన్నీ మాట్లాడుకుంటారు. మంత్రిగారి దూరదృష్టిని అంత దగ్గరగా చూసినవాడు ఇంకొకడు లేడు గనక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా కనపడే పెద్ద గోడ ఒకటి ఉంది. మంత్రిగారు ఏ పార్టీలో ఉంటే ఆ గోడ ఆ రంగులో ఉండాలి. అది ఆయన నియమం. పార్టీ మారిన సాయంత్రానికే గోడ కూడా మారేది. కొంతమంది పార్టీ మారతారు, గోడ మార్చరు. అలాంటి మోసం మా ఇంట్లో లేదు. నీలం అయింది, ఎరుపు అయింది, ఊదా అయింది. ఈమధ్య ఆకుపచ్చగా ఉంటూ వచ్చింది.

ఆ నిజాయితీ మా కోడలికి, అంటే మంత్రిగారి భార్యకు, పడలేదు.

"పాతికేళ్ళుగా జెండాలో కాపురం చేస్తున్నాను, చిన్నమామయ్యా. ఒక్కసారి మనుషులుండే ఇల్లులా కనపడితే చాలు" అని నాతో అనేది.

ఈ టోప్ అనే రంగును ఆవిడ పళ్ళడాక్టరు గదిలో చూసింది. ఆ గోడకు ఎదురుగా కూర్చుంటే పన్నునొప్పి కూడా మర్యాదగా ఉందట. రంగుల దుకాణానికి పోయి అట్టముక్క తెచ్చుకుంది. మంత్రిగారికి చూపించింది. ఆయన చూడలేదు. ఆవిడ దాన్ని భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బా కింద పెట్టి ఊరుకుంది.

అప్పుడు ప్రభుత్వానికి జబ్బు చేసింది. మాది రెండు పార్టీల ప్రభుత్వం. ఊదా పార్టీ, ఆకుపచ్చ పార్టీ కలిసి నడుపుతున్నాయి. ఆ రెండూ పోట్లాడుకున్నాయి. ఒకటి రెండోదాన్ని బయటికి గెంటి కొత్త మంత్రివర్గం పెట్టుకుంటుందనేది ఖాయం. ఏది దేన్ని గెంటుతుందన్నది మాత్రం తేలలేదు. మంత్రిగారికి మంత్రిగా ఉండటం తప్ప వేరే పని చేతకాదు. ఆ సంగతి ఆయనకు కూడా తెలుసు. తిండి సయించడం మానేసింది. చారులో ఉప్పు చాలలేదని డబ్బా ఎత్తారు. కింద అట్టముక్క కనపడింది. న్యూట్రల్ అన్న మాట దగ్గర ఆయన చూపు ఆగింది.

"ఇది మనింట్లో ఎప్పట్నుంచి ఉంది?" అన్నారు.

"మీరు ఊదాలో ఉన్నప్పట్నుంచి" అంది కోడలు.

అలా ప్రెస్ మీట్ జరిగింది. ప్రకటించాక, రంగును శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. అందులో పీయే, వంతెనల చీఫ్ ఇంజనీరు, పార్టీ కార్యకర్త ఒకడు సభ్యులు. ఆ కార్యకర్తను అందరూ జిందాబాద్ అనే పిలుస్తారు. అసలు పేరు వాడికి కూడా చప్పున గుర్తు రాదు. ఏ సభలోనైనా మొదటి కేక వాడిదే.

పెయింటరు వచ్చి గోడ మీద అక్కడక్కడ అరచేతులంత మేర రకరకాల టోపులు పూశాడు. ఇంజనీరు వంతెన ఎత్తులు కొలిచే యంత్రం తెప్పించి, మూడు కాళ్ళ మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి ఒక్కో మరకనూ చూశాడు. మరకలన్నీ నేలకు సమాంతరంగా ఉన్నాయని నివేదిక ఇచ్చాడు. పనికొచ్చే పరీక్ష మంత్రిగారికే తట్టింది. జిందాబాద్‌ను ఒక్కో మరక ముందూ నిలబెట్టారు. నోటికి ఏదైనా నినాదం వస్తే అందులో పార్టీ ఉన్నట్టు. రాకపోతే న్యూట్రల్.

మొదటి మరక ముందు జిందాబాద్ పిడికిలి లేచింది. దాన్ని కొట్టేశారు. రెండోదాని ముందు "వర్ధిల్లాలి" వరకూ వచ్చి ఆగిపోయాడు. దాన్నీ కొట్టేశారు. చివరికి కోడలు తెచ్చిన రంగు ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు.

"ఏమొచ్చిందిరా?" అన్నారు మంత్రిగారు.

"ఆవులింత వచ్చింది సార్."

మంత్రిగారు వాణ్ణి కౌగిలించుకున్నారు.

ఇంజనీరుకు ఒక్క అనుమానం మిగిలింది. న్యూట్రల్ బాగానే ఉంది గాని, వార్మ్ అని ఎందుకున్నట్టు, ఎవరి పట్ల వార్మ్, రేపు అసెంబ్లీలో అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. ఎవరు గెలిచి ఇంటికొస్తే వాళ్ళ పట్ల అని మంత్రిగారు సెలవిచ్చారు. ఇంజనీరు దాన్ని నివేదికలో చేర్చాడు.

ఇంక వేయడమే మిగిలింది. కోడలు గోడ దగ్గరికొచ్చి గోటితో నొక్కి చూసింది. గోరు లోపలికి దిగింది.

"ఇది గోడలా లేదు, పరుపులా ఉంది. పాతవన్నీ గీకించి వేయించండి" అంది.

గీకడమంటే దుమ్ము, వారం పని అని పెయింటరు గొణిగాడు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. సభల్లో మాట్లాడే గొంతు అది.

"పాతవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం దేనికి? మనం ముందుకు చూడాలి."

కోడలు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. గోడ మీద పొర మీద పొరగా ఇంకో పొర పడింది.

మర్నాడు పొద్దున్నే పీయే కేకకు అందరం లేచి హాల్లోకి వచ్చాం. మా హాలుకు తూర్పున ఒక కిటికీ, పడమట ఒక కిటికీ ఉన్నాయి. తూర్పు కిటికీ బయట గుబురుగా చెట్టు ఉంది. ఎండ ఆ ఆకుల్లోంచి వచ్చి గోడ మీద పడుతోంది. గోడ లేత ఆకుపచ్చగా మెరుస్తోంది. ఊదా వాళ్ళు చూస్తే కొంప మునుగుతుందని పీయే కర్టెన్ లాగబోతే గుడ్డ ఊడి వాడి నెత్తిన పడింది. మంత్రిగారు సోఫాలో కూలబడ్డారు. సాయంత్రం వరకూ లేవలేదు. సాయంత్రం పడమటి ఎండ ఎర్రగా లోపలికొచ్చింది. గోడ మెల్లగా ఊదా రంగుకు తిరిగింది.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. గోడను చేత్తో నిమిరారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను.

"బాబాయ్, ఇది పొద్దున్నించి సాయంత్రానికి మారింది. నాకెప్పుడూ నెల పట్టేది" అన్నారు.

ఆ రాత్రే దర్జీకి కబురు వెళ్ళింది. గోడ రంగుకు అచ్చంగా కలిసే గుడ్డ వెతికించి చొక్కా కుట్టించారు. గోడతో పాటు మనిషి కూడా మారాలి గదా. తర్వాత ఆకుపచ్చ నాయకుణ్ణి పొద్దున కాఫీకి పిలిచారు. ఊదా నాయకుణ్ణి సాయంత్రం టీకి పిలిచారు. ఆకుపచ్చ నాయకుడు గోడను చూసి, మంత్రిగారి చొక్కాను చూసి, ఎవరెన్ని మాటలన్నా నువ్వు మావాడివేనయ్యా అని వీపు తట్టి, గెలిస్తే ఉపముఖ్యమంత్రిని చేస్తానని మాటిచ్చి వెళ్ళాడు. సాయంత్రం ఊదా నాయకుడు అదే చోట నిలబడి, అదే వీపు తట్టి, అదే పదవికి మాటిచ్చాడు. ఆ పూట మంత్రిగారు రెండోసారి వడ్డించుకున్నారు.

మంచి గోడకు కృతజ్ఞత చూపించాలని మంత్రిగారికి అనిపించింది. ఇంకో కోటు వేయమన్నారు. ఇంకాస్త న్యూట్రల్ అయితే ఇంకాస్త మంచిదన్నారు. తడి మీద తడి చిక్కగా పట్టించి, ముట్టుకోవద్దని చెప్పి పెయింటరు భోజనానికి వెళ్ళాడు.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఏ కిటికీలోంచీ ఎండ రావడం లేదు. వాకిట్లో రెండు కార్లు ఒకేసారి ఆగాయి. ఒకదాంట్లోంచి ఊదా నాయకుడు, రెండోదాంట్లోంచి ఆకుపచ్చ నాయకుడు దిగి, భుజాల మీద చేతులు వేసుకుని లోపలికి వస్తున్నారు. వాళ్ళు రాజీపడ్డారు. దెబ్బలాటలో ఇద్దరూ తమ తమ మంత్రుల పేర్లు బయటపెట్టుకుంటే ఒక పేరు రెండు చోట్లా ఉందట. ఒక్క మనిషి విషయంలోనైనా అభిప్రాయం కలిసిందంటే కలిసి బతకొచ్చని తేల్చుకుని, ఆ మనిషికి స్వయంగా శుభవార్త చెప్పడానికి వచ్చారు. ఈ సంగతి తర్వాత పీయే చెబితే తెలిసింది. ఆ క్షణాన హాల్లో ఉన్నది నేను, తలుపు పక్కన జిందాబాద్, మధ్యలో కొత్త చొక్కాతో మంత్రిగారు.

ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి వస్తే ముందు ఎవరికి నమస్కారం పెట్టాలి? మంత్రిగారి చేతులు సగం లేచి ఆగిపోయాయి. ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు వేశారు. వీపు గోడకు తగిలింది. అక్కడే ఉండిపోయారు.

నా కుర్చీలోంచి నాకు జుట్టు, మీసం, కళ్ళజోడు కనపడుతున్నాయి. తక్కినదంతా గోడ.

"మంత్రిగారు లేరా, పెద్దాయనా?" అన్నాడు ఊదా నాయకుడు.

నేను గోడ వైపు చూశాను. కళ్ళజోడు అడ్డంగా ఊగింది. నేను ఊరుకున్నాను. జిందాబాద్ నినాదం ఇవ్వాలా వద్దా అని మంత్రిగారి కోసం చూస్తున్నాడు. వాడికీ కనపడలేదు.

నాయకులిద్దరూ సోఫాలో కూర్చున్నారు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. గోడను చూసి ఒక క్షణం ఆగింది. గ్లాసులు పెట్టింది. ఆకుపచ్చ నాయకుడు గోడ బాగుందన్నాడు. దాన్ని చూస్తుంటే ఏమీ గుర్తుకు రావడం లేదు, మనసు హాయిగా ఉందన్నాడు. ఊదా నాయకుడు గడియారం చూసుకున్నాడు. పదవి ఇద్దామని ఇంటికొస్తే మనిషే లేడు, ఇంకెవరినైనా చూసుకుందాం పదండి అన్నాడు. ఇద్దరూ లేచారు. గుమ్మం దాకా వెళ్ళారు.

"ఉన్నాను సార్" అంది గోడ.

నాయకులు వెనక్కి తిరిగారు. మంత్రిగారు ముందుకు అడుగు వేయబోయారు. అడుగు పడింది గాని వీపు రాలేదు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు ఊపారు. పాత పరుపు చింపినట్టు చప్పుడైంది. మంత్రిగారు వచ్చేశారు. ఆయనతో పాటు గోడ కూడా వచ్చింది. వీపంతా రేకులు రేకులుగా వేలాడుతోంది.

గోడలో చేతులు సగం ఎత్తిన మనిషి ఆకారంలో గుంట పడింది. అంచుల వెంట పొరలన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. టోపు కింద ఆకుపచ్చ, దాని కింద ఊదా, దాని కింద మళ్ళీ ఆకుపచ్చ, ఎరుపు, నీలం. అన్నిటికంటే లోపల పసుపూ కాని ఇటుకరంగూ కాని రంగు ఒకటి ఉంది. అది ఏ పార్టీదో నాయకులకు గుర్తు రాలేదు. నాకూ గుర్తు రాలేదు. జిందాబాద్ దాని వైపు చూశాడు. పిడికిలి దానంతటదే లేచింది. ఎప్పుడో చచ్చిపోయిన పార్టీ నినాదం ఒకటి వాడి నోట్లోంచి గట్టిగా వచ్చింది. వాడే బెదిరిపోయి నోరు మూసుకున్నాడు.

"పాతికేళ్ళకు ఒక గోడ దొరికింది. అదీ వీపున వేసుకుపోయారు" అంది కోడలు.

ఆకుపచ్చ నాయకుడు గుంట దగ్గరికి వెళ్ళి, ఆఖరి పొరను గోటితో లేపి చూశాడు. దాని కింద ఇంకోటి ఉంది. ఊదా నాయకుడు కూడా వచ్చి వంగి చూశాడు. ఎక్కడో ఒకచోట ఇటుక కనపడుతుందని నేనూ మెడ చాచాను. కనపడలేదు.

మంత్రిగారు ఇంకా ఎవరికి ముందు నమస్కారం పెట్టాలో తేలక చేతులు అలాగే ఉంచుకుని నిలబడ్డారు. నాయకులు ఆయన వైపు చూడటం లేదు.

"మీ ఇంట్లో గోడలు గీకించారా?" అన్నాడు ఊదా నాయకుడు ఆకుపచ్చ నాయకుడితో, గొంతు తగ్గించి.

"లేదు. మీరు?"

"లేదు."

ఇద్దరూ నిటారుగా నిలబడి చొక్కాలు సర్దుకున్నారు. తర్వాత మంత్రిగారి దగ్గరికొచ్చి చెరో చెయ్యి పట్టుకుని ఒకేసారి అభినందించారు.

మర్నాడు మంత్రిగారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. వంతెనలు కూడా ఆయన దగ్గరే ఉంచారు. ప్రభుత్వం తరఫున మొదటి ఉత్తర్వు వచ్చింది. ప్రజాప్రతినిధుల ఇళ్ళకు ఇకమీదట వార్మ్ న్యూట్రల్ టోప్ మాత్రమే వేయాలి, వేసేటప్పుడు పాత పొరలు గీకరాదు అని అందులో ఉంది. మా ఇంటి గోడకు ఎంత పూసినా గుంట పూడలేదు. పూసిన కొద్దీ లోపలికి పోతోంది. చివరికి కోడలు, మంత్రిగారు చేతులు జోడించి నిలబడిన నిలువెత్తు ఫ్లెక్సీ ఒకటి తెప్పించి దాని మీద వేలాడదీసింది. కొలత తీసినట్టు సరిపోయింది.

మంత్రిగారిని చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. ఫ్లెక్సీ కదులుతుందని హాల్లో ఫ్యాన్ వేయం. ఉక్కగా ఉందని ఎవరైనా లేచి స్విచ్ దగ్గరికి వెళ్తే మంత్రిగారే స్వయంగా అడ్డు నిలబడతారు. అందువల్లనే ఆ గది అంత వార్మ్‌గా ఉంటుందని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటూ, చెమట తుడుచుకుంటూ వెళ్తారు.