మరమనిషికి సిగ్గు పట్టుకుంది

తొమ్మిదో తరగతికి రోబోటిక్స్ పాఠం మొదలైన నెలకే హైస్కూల్లోని మరమనిషికి సిగ్గు పట్టుకుంది. పిల్లలు లోపలికి రాగానే తల దించేసుకునేది. సిగ్గు వారంటీలోకి వస్తుందో రాదో హెడ్మాస్టరు వాకబు చేశారు. వస్తుందిట. కంపెనీకి కబురు పెట్టారు.

అసలు దానికి ఏం లోటు చేశారు గనక! వచ్చిన రోజే కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, అద్దాల బీరువాలో నిలబెట్టారు. ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. బొట్టు కూడా కవరు మీదే పెట్టారు. దుమ్ము పడితే తనిఖీకి వచ్చేవాళ్లకి ఏం చూపిస్తారు?

పాఠం మాత్రం రోజూ జరిగేది. భూషణరావు మాస్టారు బీరువా పక్కన నిలబడి, "మరమనిషి చెయ్యి ఏ విధముగా పనిచేయును?" అని ప్రశ్నా, జవాబూ చెప్పి రాయించేవారు. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు. అది వింటూ మరమనిషి తన చేతుల వంక చూసుకుని ఇంకా కుంచించుకుపోయేది.

ఇంట్లో పాడైన మిక్సీ విప్పి బాగుచేసిన నూకరత్నం, ఆ చెయ్యి ఒక్కసారి కదిలించనివ్వమని మొదటి రోజే అడిగింది. "సోమవారం చేయిస్తానమ్మా" అన్నారు మాస్టారు. బీరువా తాళంచెవి హెడ్మాస్టరు జేబులో ఉండేది. మాస్టారు వెళ్లి అడిగితే, "విరిగిందంటే సంజాయిషీ మీరే రాసుకోవాలండోయ్!" అనేవారు. నూకరత్నం ప్రతి సోమవారం చేతులు కడుక్కుని వచ్చేది. మాస్టారు ఆ పిల్ల మొహం చూడలేక, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచేవారు. పాపం, సిగ్గుతో చచ్చిపోయేవారు.

ఒక సోమవారం కంపెనీ మెకానిక్కు వచ్చాడు. బీరువా తెరిపించి, కవరు పైనుంచే మెడ దగ్గర స్క్రూ బిగించాడు. మరమనిషి తలెత్తింది. పిల్లల వైపు చూసింది గానీ, ఎవరినీ చూసినట్టు లేదు.

"సిగ్గు ఇక్కడే పట్టుద్దండి. బిగించేత్తే ఇంకేం ఉండదు" అన్నాడు మెకానిక్కు. పక్కనే తల వంచుకుని నిలబడ్డ మాస్టారు కంటబడ్డారు. "ఈయనగారికీ ఇదే కంప్లయింటులా ఉందేంటండి?"

"ఎలాగూ వచ్చారుగా, ఆ పనీ చూసెయ్యండి" అన్నారు హెడ్మాస్టరు.

మాస్టారు చొక్కా పైగుండీ విప్పి మెడ చూపించారు. పెద్ద నొప్పేమీ లేదు. మెకానిక్కు టీ తాగి వెళ్లిపోయాడు. బీరువాకి మళ్లీ తాళం పడింది.

"మాస్టారండీ, ఇయ్యాల సోమారవండి" అంది నూకరత్నం. చేతులింకా తడిగానే ఉన్నాయి.

మాస్టారు మొదటిసారి ఆ పిల్ల కళ్లలోకి సూటిగా చూశారు.

"రాసుకోమ్మా" అన్నారు. "మరమనిషి చెయ్యి ఏ విధముగా పనిచేయును?"

నూకరత్నం చేతులు చున్నీకి తుడుచుకుని పెన్ను తీసింది.