ఖాళీ కుర్చీల హాజరు

జనం రాని స్టేడియం కన్నా గొప్ప స్వర్గం ఇంకోటి ఉందంటే నేను ఒప్పుకోను. నవ్వేవాళ్ళు నవ్వండి. మా పోర్ట్ కాల్డర్ హెరన్స్ జట్టు సొంతగడ్డ మీద ఆడిన బేస్‌బాల్ ఆటలన్నీ ఇంచుమించు చూసినవాణ్ణి, ఖాళీ కుర్చీల నడుమ కూర్చుని జ్ఞానోదయం పొందినవాణ్ణి, చెబుతున్నాను. ఆటకు జనం ఎందుకండీ?

జనం విరగబడిన రోజులు కూడా నాకు తెలుసు. ఒక్క ఆటయినా సుఖంగా చూసిన పాపాన పోలేదు. వెనక వరసలోవాడు లేచి కేకేసినప్పుడల్లా వాడి బీరుతో నా మెడకు అభిషేకం జరిగేది. సరిగ్గా మనవాడు బ్యాటు ఎత్తే సమయానికే నడి వరసలోని లావుపాటి ఆసామికి సాసేజ్ మీద మనసు పోయేది. నా కాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి, అంతలోనే మస్టర్డ్ కారుతున్న సాసేజ్‌తో మళ్ళీ తొక్కుకుంటూ వచ్చేవాడు. పైగా "ఏమైంది, ఏమైంది" అని నన్నే అడిగేవాడు. వాడి బొజ్జ అడ్డమొచ్చి నేనేం చూశానని చెప్పను?

మరి ఇప్పుడో! కోటుకు ఒక కుర్చీ, గొడుగుకు ఒక కుర్చీ, కాళ్ళకు రెండు. ఒకప్పుడు బంతి గురితప్పి జనంలో పడితే దానికోసం పదిమంది మోచేతులు విరగ్గొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అది దొర్లుకుంటూ వెళ్ళి ఏ కుర్చీ కిందో బుద్ధిగా కూర్చుంటుంది. తొందరేం లేదు, ఆట అయ్యాక ఇంటికి పోతూ తెచ్చుకోవచ్చు.

ఆటగాళ్ళతో సాన్నిహిత్యం సంగతి చెప్పనేలేదు. ఒకరోజు కుడివైపు కాచే కుర్రాడి బూటు తాడు ఊడిపోయింది. "బాబూ, తాడు" అన్నాను, మీతో మాట్లాడే గొంతుతోనే. అతను వంగి కట్టుకుని "థాంక్స్ అండీ" అన్నాడు. లక్షలమంది అభిమానులున్న ఏ పెద్ద నగరంలో ఈ భాగ్యం దొరుకుతుంది?

అలాగని మా ఆటకు ఎవరూ రారని అనుకునేరు. వస్తారు. వేలల్లో వస్తారు. ఈ ఆట ఆచారం ప్రకారం ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరం లేచి ఒళ్ళు విరుచుకునే వేళ మైకులో రోజూ చెప్పేవారు: "ఈ రాత్రి హాజరు పదకొండు వేల మూడు వందల పన్నెండు. విచ్చేసిన మీ అందరికీ ధన్యవాదాలు." ఉన్న ఎనిమిది వందలమందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం. సరస్సు మీంచి వచ్చి గడ్డి మీద వాలే సీగల్ పక్షుల్ని కలిపినా ఆ లెక్కకు చేరేవాళ్ళం కాము.

అందులో అబద్ధం ఏమీ లేదు సుమండీ. ఈ ఆటలో హాజరంటే వచ్చిన మనుషులు కాదు, అమ్ముడైన టికెట్లు. టికెట్ కొన్నారా, వచ్చినట్టే. ఇంట్లో పడుకున్నా వచ్చినట్టే. ఆస్పత్రిలో ఉన్నా వచ్చినట్టే. ఇంత దయగల పద్ధతి నా బడి రోజుల్లో ఉండి ఉంటే ఈపాటికి నేను ఏ లాయరునో అయ్యేవాణ్ణి.

ఈ దయాగుణం వల్ల తల గోడకేసి కొట్టుకున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే. నా చిన్ననాటి స్నేహితుడు కాజిమిర్ రుడ్నిక్. మేమంతా కాజ్ అంటాం.

వాళ్ళ నాన్న రేవులో ఇనుప ఖనిజం దించే క్రేను నడిపేవాడు. స్టేడియం కట్టిన ఏడాదే పక్కపక్కన రెండు సీజన్ టికెట్లు కొన్నాడు. సాయంత్రపు ఎండ కళ్ళలో పడని చోటు ఏదో పనివాళ్ళను అడిగి మరీ ఎంచుకున్న కుర్చీలు అవి. పోతూపోతూ ఒకటి కొడుక్కి, ఒకటి కూతురు బెర్నిస్‌కి ఇచ్చాడు. ఆస్తి అంటే ఆ ఇంట్లో అదే.

ఆరేళ్ళ కిందట జట్టు యజమాని థార్న్‌బర్గ్ గారు మా ప్రాణం లాంటి ఆటగాడు రూబెన్ ఒకాసియోను వేరే ఊరి జట్టుకు అమ్మేసి, ఆ మర్నాడే పార్కింగ్ రేటు పెంచారు. కాజ్ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు: ఆ మనిషి ఉన్నంతకాలం ఆ గేటు దాటనని.

బాగుంది. కానీ టికెట్ వదులుకుంటే నాన్న కుర్చీ పరాయివాడి పాలవుతుంది. అందుకని ఏటా టికెట్ కొంటాడు, ఏటా వెళ్ళడు. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినవాణ్ణి గురించి విన్నాం. ఆ చెరువుకు శిస్తు కూడా కట్టి అలిగినవాణ్ణి నేను చూశాను.

"ఒరేయ్ కాజ్, నీ డబ్బు ఆయన జేబులోకే పోతోంది కదరా. ఇదేం అలకరా?" అని అడిగాను ఒకరోజు వాళ్ళ వరండాలో కూర్చుని.

"డబ్బు పోతే పోయింది. నా ఖాళీ కుర్చీ చూసి ఆయన సిగ్గుతో చచ్చిపోవాలి."

"ఆయన వస్తే కదరా చూసేది? స్టేడియంలో ఆయన కూర్చునే బాక్సులో లైటు వెలిగి రెండేళ్ళయింది."

"అయితే ఇద్దరం పట్టుదల మీదే ఉన్నామన్నమాట. ముందు ఎవరొస్తారో చూద్దాం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రోజూ ఆ వరండాలోనే రేడియో పెట్టుకుని ఆట వినేవాడు. హాజరు చెప్పగానే "అందులో ఒకటి తీసెయ్యండి" అని రేడియోకి చెప్పేవాడు. ఒకరోజు ఉండబట్టలేక జట్టు ఆఫీసుకే ఫోన్ చేశాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"అమ్మాయ్, నిన్న నేను ఆటకు రాలేదు. వచ్చినట్టు ఎందుకు చెప్పారు?"

"టికెట్ మీ పేరు మీదే ఉంది కదండీ. మీరు వచ్చినట్టే."

"నేను ఇంట్లో ఉన్నానమ్మా. కావాలంటే మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది."

"ఆవిడక్కూడా ఒక టికెట్ రాయమంటారా అండీ?"

కాజ్ ఒక్కడే కాదు. ఊళ్ళో సగంమంది అలిగినవాళ్ళే, అందరి సొరుగుల్లోనూ టికెట్లు ఉన్నాయి. వేలమంది కలిసి ఆరేళ్ళు సమ్మె చేస్తే లెక్కలో ఒక్క మనిషి కూడా తగ్గలేదు. ప్రపంచంలో ఇంత ప్రశాంతమైన సమ్మె ఇంకెక్కడైనా జరిగిందా?

బెర్నిస్ మాత్రం ఒక్క ఆట కూడా మానలేదు. అన్నయ్య కుర్చీలో తన కోటు పరిచి కూర్చునేది. చుట్టూ వందల కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవడో ఒకడు వచ్చి అదే కావాలనేవాడు, లోకం తీరు అది. "మనిషి ఉన్నాడు, ఇప్పుడే వస్తాడు" అనేది. ఆదివారం భోజనాల దగ్గర బంగాళదుంప కూరిన పియెరోగీ కజ్జికాయల పళ్ళెం అన్నయ్య ముందుకు తోస్తూ "నీ కుర్చీ మీద పిట్టల రెట్టలు తుడవలేక నా చేతులు పడిపోతున్నాయి" అనేది. కాజ్ తల దించుకుని తినేవాడు, అంతే.

ఇక అసలు వరం దగ్గరికి వస్తాను. నిరుడు జులైలో ఏడో ఇన్నింగ్స్‌లో మేమంతా లేచి ఒళ్ళు విరుచుకుంటూ ఉంటే మైకులో ఇలా వినిపించింది: "ఈ రాత్రి గేటు దాటి లోపలికి వచ్చినవారు ఎనిమిది వందల ఆరుగురు."

విరుచుకున్న చేతులు విరుచుకున్నట్టే ఆగిపోయాయి. మైకు నిజం చెప్పడం మేమెన్నడూ వినలేదు. ఆ రాత్రి నుంచి రోజూ గేటు లెక్కే చెప్పారు.

కాజ్ ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. ఆరేళ్ళలో అంత ఉషారుగా వాడి గొంతు వినలేదు. "విన్నావా, ఎట్టకేలకు నన్ను తీసేశారురా!"

వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. దక్షిణాన ఏదో ఊరివాళ్ళు పైకప్పుతో సహా కొత్త స్టేడియం కట్టిస్తామని థార్న్‌బర్గ్ గారిని పిలిచారు. మా హెరన్స్ అంటే కొంగలే. ఆయన ఇన్నాళ్ళూ చేసింది మాత్రం అసలైన కొంగ జపం. స్టేడియం ఊరిది కాబట్టి నగరపాలక సభ ముందుకు వెళ్ళి, "చూశారుగా, మీ జనం రావడం లేదు, మాకు సెలవిప్పించండి" అన్నారు. ఆటగాణ్ణి అమ్ముకున్నది ఆయన, రేట్లు పెంచింది ఆయన, నేరం మాత్రం రానివాళ్ళది. ఆడలేక మద్దెల ఓడు అన్నది ఎవరో గానీ ఆ మద్దెల మేమే.

మర్నాడు నేను వెళ్ళేసరికి కాజ్ పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అంటే నేను రాలేదనేనా ఆయన పోతున్నాడు?"

"అవున్రా. ఆరేళ్ళకి నీ సమ్మె ఫలించింది. ఆ మనిషి పోతున్నాడు."

"జట్టుని తీసుకుపోతున్నాడు కదరా." వాడు పేపరు మడిచి నా ఒళ్ళో పెట్టాడు. నాకు హాస్యం అన్నివేళలా పనికిరాదని ఆ పూట తెలిసింది.

నగరపాలక సభ అధ్యక్షుడు ధర్మాత్ముడు. "ఆఖరి ఆటకు హాజరు పెరిగితే జట్టును కదలనివ్వం" అని అందరి ముందూ మాటిచ్చాడు. ఇంకేముంది! ఊళ్ళో అలిగినవాళ్ళంతా సొరుగులు వెతికారు. కొత్తగా కొనుక్కోవాల్సిన పని ఎవరికీ లేదు, టికెట్లు ఎప్పటినుంచో ఉన్నవే.

ఆ సాయంత్రం నా స్వర్గం సర్వనాశనమైంది. గేటు దగ్గర చాంతాడంత క్యూ. నా కోటు నా ఒంటి మీదకే వచ్చింది. నా గొడుగు ఎవడి కాళ్ళ కిందో నలిగింది. మొదటి ఇన్నింగ్స్ అయినా కాకుండానే నా మెడ మీద బీరు పడింది.

కాజ్ నాన్న టోపీ పెట్టుకుని వచ్చాడు. మెట్లు దిగి, వరసలో పక్కపక్కకి జరుగుతూ చెల్లెలి దగ్గర ఆగాడు. సరిగ్గా వాళ్ళ వెనక వరస నాది.

"కోటు తియ్యవే."

బెర్నిస్ మైదానం మీంచి చూపు తిప్పలేదు. "ఇక్కడ మనిషి ఉన్నాడండీ."

"ఎవరు?"

"మా అన్నయ్య. ఇప్పుడే వస్తాడు. ఆరేళ్ళుగా ఇప్పుడే వస్తున్నాడు. మీ దగ్గర టికెట్ ఉందా?"

కాజ్ జేబులోంచి టికెట్ తీసి ఇచ్చాడు. బెర్నిస్ అటూ ఇటూ తిప్పి చూసింది. కోటు తీసి, చేతి రుమాలుతో కుర్చీ మరోసారి తుడిచింది. "కూర్చో. ఎండ పడదులే" అంది. ఆ తర్వాత మూడు ఇన్నింగ్స్‌లు ఇద్దరూ ఒకే పొట్లంలోంచి వేరుశనక్కాయలు ఒలుచుకుని తిన్నారు.

ఏడో ఇన్నింగ్స్ వచ్చింది. అంతమందీ లేచి నిలబడ్డారు గానీ ఎవరూ ఒళ్ళు విరుచుకోలేదు. నాకు తెలిసి ఆ స్టేడియంలో అంత జనం అంత నిశ్శబ్దంగా ఉన్నది అదొక్కసారే. అందరూ మైకు వంక చూస్తున్నారు. గేటు దాటి లోపలికి వచ్చినవారు, అని మొదలుపెడతాడని.

"ఈ రాత్రి హాజరు పదకొండు వేల మూడు వందల నలభై. విచ్చేసిన మీ అందరికీ ధన్యవాదాలు."

పాత లెక్క. టికెట్ల లెక్క. జులై దాకా ఆరేళ్ళు రోజూ చెప్పిన అంకెకు అటో ఇటో ఇరవై ముప్పై. అంతే.

"ఇదేంటే?" అన్నాడు కాజ్. "నేను రాని రోజూ ఇంతే, వచ్చిన రోజూ ఇంతేనా? మరి నేను వచ్చినట్టు ఎవరికి తెలుస్తుందే?"

బెర్నిస్ కోటు మడత సర్దుకుంది. "నాకు తెలుసులే. కోటు నా ఒళ్ళో ఉందిగా. కూర్చో అన్నయ్యా, మనవాళ్ళు బ్యాటింగ్‌కి వస్తున్నారు."

ఓడిపోయామని వేరే చెప్పాలా?

మర్నాడు ఉదయం థార్న్‌బర్గ్ గారు పేపరులో ఆవేదన వ్యక్తం చేశారు: "ఆఖరి ఆటకు కూడా హాజరు పెరగలేదు." అధ్యక్షుడు అంకెలు తెప్పించుకుని చూశాడు. నిజమే, పెరగలేదు. ఆరేళ్ళ సగటు ఎంతో అంతే ఉంది. లెక్క ముందు ఎంత ధర్మాత్ముడైనా ఏం చేస్తాడు? జట్టు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠకులారా, నేను మొదట్లో చెప్పిన స్వర్గం ఇప్పుడు నూటికి నూరుపాళ్ళూ మాకు దక్కింది. ఏప్రిల్ వచ్చింది, గేటుకు తాళం ఉంది, లోపల ఒక్క పురుగు లేదు. మొన్న సాయంత్రం వెళ్ళి కంచె పట్టుకుని నిలబడ్డాను. పార్కింగ్ ఉచితం. బొజ్జలేవీ అడ్డం రాలేదు. మైదానం మొత్తం నాకొక్కడికే కనిపించింది, గడ్డి మీద సీగల్‌లతో సహా. కాస్త అవతల కాజ్, బెర్నిస్ కూడా నిలబడి ఉన్నారు, ఎండ పడని వైపున. ఆమె కోటు వేసుకుని ఉంది. కాపలా కాయడానికి కుర్చీ లేదు కదా.

ఇంత హాయి ఈ వయసులో నేను తట్టుకోలేకపోతున్నాను. మీలో ఎవరైనా అటుగా వెళ్తూ నన్ను చూస్తే, మీ పుణ్యమా అని కాస్త నా కాలు తొక్కి వెళ్ళండి.