నల్లపొగ, తెల్లపొగ

ఆ పొద్దున ఆమె గట్టిగా అనుకుంది: పెద్ద ఇంజనీరును నాలుగు రోజులు సెలవడగాలి, ఇవాళే బస్సెక్కి భర్తను చూడాలి. ఆయన ఐదు గంటల దూరంలో రాతిక్వారీలో ఎక్స్‌కవేటర్ నడుపుతాడు. అలాంటి బండ్ల ఇంజిన్ల జబ్బులను ఆఫీసులో తెర మీద చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. మూడు నెలలుగా ఆయన ఇంజిన్ వేడి డిగ్రీతో సహా తెలుసు. ఆయన వేళకు తిన్నాడో లేదో మాత్రం తెలియదు. క్వారీలో ఫోన్లు పలకవు.

బెంగ ఆయనకూ ఉంది. బండికి జబ్బు చేస్తే ఆఫీసు నుంచి నేరుగా క్యాబిన్ స్పీకరులోకి ఆమె మాట వస్తుంది. అందుకే వేడి చూపే సెన్సర్ తీగ ఊడబీకాడు. ఆఫీసులో తెర ఎర్రబడింది. ఖర్మ కాలి, అప్పుడే ఆమె సెలవు చీటీ రాయడానికి పక్కగదికి వెళ్లింది. పెద్ద ఇంజనీరు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమోయ్, బాగా చిక్కిపోయావా?" అంటూ ఆఫీసు స్పీకరులోకి ప్రేమగా వచ్చింది డ్రైవరు గొంతు.

"లేదు, రెండు కిలోలు పెరిగాను. ఇంజిన్ సంగతి చెప్పు," అన్నాడు పెద్ద ఇంజనీరు.

డ్రైవరుకు పైప్రాణాలు పైనే పోయాయి. "పొగండీ... పొగొస్తోంది."

"నల్లగానా, తెల్లగానా?"

"రెండూనండీ."

ముప్పై ఏళ్ల సర్వీసులో పెద్ద ఇంజనీరు అలాంటి పొగ గురించి వినలేదు. హడలిపోయి, అదే రకం బండ్లు ఆరింటినీ ఆపించాడు. పనిలేని డ్రైవర్లను క్వారీ మేనేజరు ఇళ్లకు పొమ్మన్నాడు. ఇంతలో ఆమె చీటీ పట్టుకొచ్చింది.

"సెలవా? కుదరదు! జీపెక్కి ఆ క్వారీకెళ్లి ఇంజిన్ చూసిరా."

"తప్పదా సార్?" అని ముఖం వేలాడేసి, గుమ్మం దాటగానే మెట్లు రెండేసి చొప్పున దిగింది.

సాయంత్రం నాలుగింటికి క్వారీలో ఆరు బండ్లూ, ఒక కాపలాదారూ మిగిలారు. "డ్రైవర్లంతా ఇళ్లకెళ్లిపోయారమ్మా. ఒకాయనైతే ఒకటే పరుగు!"

ఆయన బండి మూత తీసి చూస్తే తీగ ఊడి ఉంది. కొసకు దుమ్ము పడకుండా గుడ్డ చుట్టి ఉంది. తనంతట తాను ఊడిన తీగ అంత జాగ్రత్త పడదు. ఆమెకు నవ్వొచ్చింది; నవ్వు సగంలోనే ఏడుపైంది. తీగ కలిపి క్యాబిన్‌లోకి ఎక్కింది. ఆయన బరువుకు సీటు మెత్త గుంటపడి ఉంది. ఆ గుంటలోనే ఒదిగి కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేసింది.

స్పీకరు గరగరలాడింది. "అమ్మాయ్, మీ ఆయనట, ఇంట్లో లేవని ఇక్కడికొచ్చాడు," అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఈ గొంతు ఎక్కడో విన్నట్టుంది."

తర్వాత మెల్లగా, "ఏమోయ్..."

ఆమె స్పీకరు దగ్గరికి వంగింది. "పొగ ఏ రంగు?" అంది.

"నువ్వు లేకపోతే అన్ని రంగులూను."

పెద్ద ఇంజనీరు దగ్గాడు. "ఇంజిన్ ఆపకమ్మా, పరీక్ష పూర్తి కానీ. నేను టీ తాగొస్తా."

ఆ టీ తాగడానికి ఆయనకు గంటన్నర పట్టింది.