విక్టర్ అను నామము యొక్క పూర్వాపరములు

కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెలో, సర్పంచి పదవికి రెండుసార్లు పోటీచేసి ఓడిన హర్షవర్ధన్ రెడ్డి ఇకపై తనను విక్టర్ రెడ్డి అని పిలవవలసిందిగా ప్రజలను సవినయంగా కోరారు. లోపం మనిషిలో లేదు, పేరులో ఉందని కడపలో ఒక నామశాస్త్ర పండితుడు తేల్చాడు. విక్టర్ అంటే లాటిన్‌లో గెలిచినవాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది. అంతవరకూ అందరూ లోపం మనిషిలోనే ఉందని అపోహపడుతున్నారు.

ఆ ఊళ్లో అసలు విక్టర్ ఒకడున్నాడు. ఎర్రగుంట్లలో సిమెంటు మూటలెత్తి నడుము పోగొట్టుకుని వచ్చి, రెండెకరాల్లో శనగ వేసుకుంటున్నాడు. మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే వచ్చింది. నలభై ఆరేళ్లలో ఆయన దేన్నయినా గెలిచినట్టు దాఖలాలు లేవు. పేరంటే మాత్రం ప్రాణం. పెద్ద కరువులో ఇంటిల్లిపాదీ పోగా ఒక్కడే మిగిలిన పూర్వీకుడు కంబన్నకు, బాప్తిస్మమిస్తూ మిషనరీ దొర పెట్టిన పేరది. తరానికొకరికి చొప్పున ఈయన దాకా వచ్చింది.

సంగతి తెలిసి ప్రత్యర్థి ఓబులేసు వెంటనే మహా విక్టర్ ఓబులేసు అయ్యాడు. విక్టర్ రెడ్డి సభ పెట్టి గర్జించాడు:

"రోము సైనికులు పెట్టుకున్న పేరప్పా ఇది! పోపులు పెట్టుకున్న పేరు! రెండువేల ఏండ్ల చరిత్ర ఉండాది. అట్లాంటిది మనూర్లో దిక్కులేకుండా పడి ఉంటే, నేను ఉద్ధరిస్తాండా!"

"దిక్కులేకుండా అంటే యాడ, మనింట్లోనా?" అని అసలు విక్టర్ చెవిలో అడిగింది ఆయన భార్య జీవమ్మ.

పదకొండు ఓట్ల తేడాతో విక్టర్ రెడ్డి గెలిచాడు. "విక్టర్‌కు జై!" అన్న కేకలు చేనిదాకా వినిపిస్తే, కలుపు తీస్తున్న విక్టర్ ఒక్క క్షణం నడుము నొప్పి మరిచి నిటారుగా నిలబడ్డాడు.

వారానికి అసలు విక్టర్‌కు నోటీసు వచ్చింది. మహా విక్టర్ మినహా ఒకే గ్రామమున ఇద్దరు విక్టర్లు ఉండుట పరిపాలనా సౌలభ్యమునకు భంగకరము గనుక, జూనియర్ విక్టర్ మూడు దినములలో వేరు నామము ఎంచుకొనవలెను.

"నొచ్చుకోవద్దన్నా, పైనుంచి చెప్పినారు," అంది గ్రామ సచివాలయం ఉద్యోగిని స్వర్ణలత. "నీకు నచ్చిన పేరు చెప్పు, రాసుకుంటా."

విక్టర్ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సర్పంచి వదిలేసిన పేరు ఊరికే పడి ఉండాది గదమ్మా. హర్షవర్ధన్ రెడ్డి అని రాయి."

స్వర్ణలత పెన్ను ఆగిపోయింది.

లాటిన్ పేరును నీళ్లు కూడా అడగకుండా మింగిన ఊరికి, ఈ తెలిసిన పేరు గొంతులో అడ్డంపడింది. సాయంత్రానికి విక్టర్ రెడ్డి, మహా విక్టర్ ఓబులేసు జీవితంలో మొదటిసారి ఒకే వేదికెక్కారు. పేరు తాతముత్తాతల ఆస్తి అనీ, ఒకరి పేరు మరొకరు పెట్టుకోవడం సంస్కృతి మీద దాడి అనీ తీర్మానం పెట్టారు. మద్దతుగా చేతులెత్తమన్నారు. మనమంతా ఎత్తాం.

వెనక నిలబడిన విక్టర్ కూడా ఎత్తాడు. ఆయన చెయ్యి మాత్రం లెక్కలోకి రాలేదు. ఏ పేరున రాయాలో ఎవరికీ తెలియలేదు మరి.