నీలం దీపం, మామగారి చెవులు

"మా అల్లుడికి చెవులున్నది కళ్లజోడు తగిలించుకోవడానికే" అని వయొలిన్ మాస్టారు పదేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారు. కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆ అల్లుడు ఈ శనివారంతో ఆ మాట మాన్పించాలని కంకణం కట్టుకున్నాడు. మామగారి పాత కచేరీ టేపును నానా తంటాలు పడి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. అందులోని అంకెలను అసలు సిసలు నాదంగా మార్చే డాక్ అనే బుల్లి పెట్టె తెప్పించి, రెండు పెద్ద స్పీకర్లకు కలిపాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగితే మామూలు పాట, నీలం వెలిగితే మేలి రకం. పొద్దున ఆరింటికి కూర్చుంటే తొమ్మిదిన్నరకు నీలం వెలిగింది. పదింటికి మామగారు వచ్చి, సోఫాలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. అల్లుడు కచేరీ పెట్టాడు.

"ఏదో రొద వస్తోంది అల్లుడుగారూ."

అల్లుడు ఫ్యాను ఆపాడు. ఇంకా ఉందన్నారు. ఫ్రిజ్ ఆపాడు. తగ్గిందిగానీ పోలేదన్నారు. తప్పంతా కరెంటు తీగలదేనని తేల్చుకుని ఇంటర్నెట్ పెట్టె కూడా పీకేశాడు. మరుక్షణం లోపలి గదిలో పై అధికారితో వీడియోలో మాట్లాడుతున్న భార్య బయటికొచ్చింది.

"నేను ఉద్యోగం మానేస్తున్నాననేది వట్టి పుకారు సార్ అని చెబుతున్నానండీ. మానేస్తున్నాను అనేదాకా ఆయనకి వినపడింది. అక్కడ పీకారు మీరు."

మామగారు కళ్లు తెరవకుండానే వేలెత్తి ఆమెను ఊరుకోమన్నారు. కింద నీళ్ల మోటారు గొణుగుతోందన్నారు. అల్లుడు పరుగున వెళ్లి, వాచ్‌మన్‌ను బతిమాలి మోటారు ఆపించి వచ్చేసరికి, పై అంతస్తు బ్యాంకు గుమాస్తా ఒంటినిండా నురగతో, తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నోరు తెరవబోతే ఆయనకూ వేలే ఎదురైంది. ఆయన ఒంటి మీద నురగ చిటపటలాడడం అందరికీ వినపడింది. ఆ ఇల్లు కట్టాక అంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

వయొలిన్ సాగుతోంది. మామగారి కళ్లు చెమర్చాయి.

"ఇదీ నాదమంటే. ఆ దగ్గు విన్నారా? మీ అత్తయ్యది. మూడో వరుసలో కూర్చుంది. కచేరీ పాడుచేసిందని నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. ఇంకోసారి వేయండి బాబూ."

ఆవిడ పోయి మూడేళ్లు. గుమాస్తా నురగ చేత్తోనే కళ్లు తుడుచుకుని, మంటకు నిజంగానే ఏడ్చాడు.

అప్పుడు చూసింది భార్య. మోటారు ఆపడానికి పరిగెత్తినప్పుడు మొగుడి కాలికి తగిలి ఊడిన తీగ నేల మీద పడి ఉంది. డాక్ మీద పచ్చా లేదు, నీలమూ లేదు. పాట ల్యాప్‌టాప్ అడుగున ఉన్న గుండీలంత స్పీకర్లలోంచి వస్తోంది. మొగుడు కళ్లతోనే దణ్ణం పెట్టాడు. నాన్న ముఖం చూసి ఆమె ఆ తీగను కాలితో సోఫా కిందికి తోసేసింది. పైగా కాసేపటికి పై అధికారే ఫోన్ చేసి, ప్రమోషన్ ఇస్తాం, మానేయకమ్మా అని బతిమాలాడు.

మామగారు వెళ్లేముందు అల్లుడి భుజం తట్టి, "మీ చెవుల విషయంలో పొరబడ్డాను," అన్నారు. వచ్చే శనివారం తన ఇంట్లోనూ అలాంటి పెట్టె బిగించి, అచ్చం ఇలాగే వినిపించాలని మాట తీసుకున్నారు.

మామగారి ఇల్లు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉంటుంది.